అరంగుళం పురి

చింతామణి దగ్గర మా ఇంటికీ పట్టుపురుగుల షెడ్డుకూ మధ్య దూరం 40 మీటర్లు. షెడ్డులో కెమెరా ఒకటి పెట్టుకుంటే అర్ధరాత్రి టార్చి పట్టుకుని వెళ్లే పని తప్పుతుందని కేబుల్ నేనే లాగాను, రెండు కొసలకూ జాక్‌లు నేనే కొట్టాను. చూడ్డానికి పద్ధతిగా ఉంటుందని ఏ జత తీగలను ఆ జత పక్కపక్కన పేర్చాను. మొదట నారింజ జత, తర్వాత ఆకుపచ్చ, నీలం, గోధుమ. అవతలి కొసలోనూ అదే వరస. టెస్టర్ తగిలిస్తే ఒకటి నుంచి ఎనిమిది దాకా దీపాలు క్రమం తప్పకుండా వెలిగాయి. కెమెరాకు కరెంటు కూడా ఆ కేబుల్‌లోంచే పోయేది, అదీ పోయింది. బొమ్మ మాత్రం నిలవలేదు. గళ్లుగళ్లుగా చెదిరేది, ఆగేది, మళ్లీ వచ్చేది.

కెమెరా మార్చాను. స్విచ్ మార్చాను. వారం తర్వాత చిక్కబళ్లాపురం నుంచి వచ్చిన ఒక కేబుల్ కుర్రాడు పెట్టె తెరవకుండానే జాక్‌ను వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు. "లైట్లు వెలిగేది వెలుగుతాయన్నా. మూడూ ఆరూ చూడు. అవి రెండూ ఒక జత కాదు" అన్నాడు. రెండు జాక్‌లూ కోసేసి కొత్తవి కొట్టాడు. పావుగంట పని. ఆ రాత్రి నుంచి బొమ్మ కదలలేదు.

అదే కేబుల్, అవే ఎనిమిది తీగలు. కొసల్లో తీగల వరస ఒక్కటే మారింది. అంతమాత్రానికే అంత తేడా ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలంటే ముందు పురి సంగతి చెప్పుకోవాలి.

రాగికి పురి ఎందుకు?

పురి గురించి మా చిక్కబళ్లాపురం జిల్లాలో ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేదు. శిడ్లఘట్ట, చింతామణి చుట్టుపక్కల పట్టుగూళ్లను వేడినీళ్లలో వేసి పోగు తీస్తారు. ఒక్క గూటి పోగు కంటికి ఆనదు. అలాంటివి కొన్ని కలిస్తే ఒక దారం. ఆ దారం మగ్గం మీద నిలవాలంటే పురి ఎక్కించాలి. పడుగుకు ఎక్కువ పురి, పేకకు తక్కువ. నులక మంచం నులకకైనా, మూట కట్టే పురికొసకైనా పురి ఇచ్చేది బలమే.

నెట్‌వర్క్ కేబుల్ తొడుగు కోస్తే లోపలా నాలుగు జతల రాగి తీగలు పేనుకుని ఉంటాయి. ఇక్కడ పురి పని వేరు. బయటి రొద లోపలికి రాకుండా, లోపలి మాట పక్కవాడికి వినపడకుండా కాపాడడం దాని పని.

తొలినాళ్ల టెలిఫోన్లు చాలావరకు ఒకే తీగ మీద నడిచేవి, తిరుగుదారి భూమి. వీధుల్లోకి విద్యుత్ దీపాలు, ట్రాములు వచ్చాక ఫోన్లలో మాటకన్నా గరగర ఎక్కువైంది. రెండు తీగలను ఒకదానికొకటి పేని నడిపితే ఇలాంటి గరగర తగ్గుతుందని అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. ఈనాటి మన ఇంటి కేబుల్‌లో ఉన్నది ఆ ఆలోచనే.

అది పని చేసే తీరు ఇది. ఒక జతలో ఒక తీగ మీద విద్యుత్తు పైకి పోతుంటే రెండో దాని మీద అంతే విద్యుత్తు వెనక్కి వస్తుంది. సందేశం ఈ రెండు తీగల మధ్య తేడాలో ఉంటుంది. పక్కన బోరు మోటారు స్టార్టర్ పడిందనుకోండి. దాని రొద కేబుల్ మీద పడుతుంది. తీగలు పురి లేకుండా పక్కపక్కనే సాగితే మోటారు వైపున్న తీగ ఎక్కువ రొద పట్టుకుంటుంది, అవతలిది తక్కువ. తేడా కాస్తా మారిపోతుంది, సందేశం చెడుతుంది. పురి ఉంటే ప్రతి అరచుట్టుకూ తీగలు చోటు మార్చుకుంటాయి. ఇప్పుడు దగ్గరున్నది మరుక్షణం దూరమవుతుంది. చివరికి లెక్క చూస్తే రెండింటి మీదా పడ్డ రొద దాదాపు సమానం. ఒక దానిలోంచి ఇంకొకటి తీసేస్తే రొద పోయి సందేశం మిగులుతుంది.

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. అరడుగు కేబుల్ ముక్క తొడుగు చీల్చి, నాలుగు జతల్లో ఒక్కో దానికి ఎన్ని చుట్లు ఉన్నాయో లెక్కపెట్టండి. నాలుగూ సమానంగా ఉండవు. ఒకే పురి ఉంటే పక్కపక్క జతల్లో ఎప్పుడూ అవే తీగలు ఎదురెదురుగా పడి, ఒకరి మాట ఒకరికి వినపడుతుంది. అందుకే తయారీలోనే నాలుగింటికీ నాలుగు రకాల పురి వేస్తారు.

నా షెడ్డులో తప్పు ఇక్కడే జరిగింది. నెట్‌వర్క్ కార్డు మూడో తీగనూ ఆరో తీగనూ ఒక జతగా వాడుతుంది. నేను పేర్చిన వరసలో మూడోది తెలుపు-ఆకుపచ్చ, ఆరోది నీలం. పోయే విద్యుత్తు ఒక పురిలో, వచ్చే విద్యుత్తు వేరే పురిలో. 40 మీటర్ల పొడవునా పురి ఉంది, ఆ జతకు మాత్రం లేనట్టే. దీన్ని పని తెలిసినవాళ్లు స్ప్లిట్ పెయిర్ అంటారు. విడిపోయిన జత.

మరి దీపాలు ఎందుకు వెలిగాయి? టెస్టర్ ఒక్కో తీగలోకి బ్యాటరీ కరెంటు పంపి, అవతల అదే నంబరు దీపం వెలిగిందా లేదా అని మాత్రం చూస్తుంది. నిలకడగా పారే బ్యాటరీ కరెంటుకు పురితో పని లేదు. కెమెరాను నడిపే కరెంటూ అలాంటిదే. 100 మెగాబిట్ల సందేశం అలా కాదు, అది తీగ మీద సెకనుకు 12.5 కోట్ల సార్లు స్థాయి మార్చగలదు. పురి కావలసింది దానికి.

మూడు, ఆరు ఎందుకు విడిగా కూర్చున్నాయి?

పక్కపక్క రంధ్రాల్లో జతలు పెట్టుకుంటే ఎవరూ పొరబడేవారు కాదు కదా అనిపిస్తుంది. దీనికి కారణం టెలిఫోనే. పాత టెలిఫోన్ జాక్‌లో మొదటి లైను ఎప్పుడూ నట్టనడుమ రెండు తీగల మీద ఉండేది, రెండో లైను దానికి అటొకటి ఇటొకటి. ఎనిమిది తీగల జాక్ వచ్చినప్పుడూ ఆ ఏర్పాటును కదపలేదు. నడుమ నాలుగు, ఐదు ఒక జత. వాటికి అటూ ఇటూ ఉన్న మూడు, ఆరు ఇంకో జత. మిగిలినవి ఒకటి-రెండు, ఏడు-ఎనిమిది.

ఈథర్‌నెట్‌ను 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్కాఫ్, డేవిడ్ బాగ్స్ మొదలుపెట్టినప్పుడు ఈ జాక్ లేదు, మందపాటి కోయాక్సియల్ కేబుల్ ఉండేది. పేనిన రాగి జతల మీద నడిచే ఈథర్‌నెట్‌కు ప్రమాణం 1990లో వచ్చింది. భవనాల్లో కేబుళ్లు ఎలా వేయాలో చెప్పే టీఐఏ-568 ప్రమాణం 1991లో వచ్చింది. ఈ జాక్‌ను మనం పిలిచే ఆర్‌జే-45 పేరు కూడా టెలిఫోన్ నుంచి వచ్చిందే. ఆర్‌జే అంటే రిజిస్టర్డ్ జాక్. ఇప్పటి జాక్ అసలు పేరు 8పీ8సీ, అంటే ఎనిమిది చోట్లు, ఎనిమిది పళ్లు.

టీఐఏ-568 ప్రమాణంలో రెండు వరసలున్నాయి, టీ568ఏ, టీ568బీ. మన దగ్గర ఎక్కువగా కనిపించేది బీ. జాక్ క్లిప్పు కిందికి, కేబుల్ దూరే నోరు మీ వైపుకు ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి కుడికి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. టీ568ఏ వరసలో నారింజ, ఆకుపచ్చ జతలు చోట్లు మార్చుకుంటాయి, అంతే. రెండింట్లో ఏది ఎంచుకున్నా పనిచేస్తుంది, రెండు కొసల్లోనూ అదే ఉండాలి. ఒక కొస ఏ, ఒక కొస బీ పెడితే క్రాస్ కేబుల్ అవుతుంది. ఇప్పటి పరికరాలు దాన్ని తామే సర్దుకుంటాయి గానీ, ఒక ఊళ్లో ఒక పద్ధతి పెట్టుకుంటే రేపు బాగుచేసేవాడికి మేలు.

బాగేపల్లి నుంచి చింతామణి దాకా కేబుల్ పెట్టె మీద రాత ఇంగ్లీషు, అంగడి బోర్డు కన్నడం, పని చేసేవాళ్ల మాట చాలాచోట్ల తెలుగు. కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పిన నేల ఇది. మూడు భాషల్లోనూ రంగుల వరసను మాత్రం అందరూ ఒకే జపంలా చెబుతారు: "వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్." నాలుగో చోట గ్రీన్ అన్నవాడికి నా షెడ్డు గతే పడుతుంది.

సంచిలో ఏముండాలి?

కావలసినవి నాలుగు: తొడుగు కోసే స్ట్రిప్పర్, పదునైన కటింగ్ ప్లయర్, క్రింపింగ్ టూల్, టెస్టర్. వీటిలో డబ్బు దాచకూడనిది క్రింపింగ్ టూల్ మీద. ర్యాచెట్ ఉన్నదే కొనండి. పిడి పూర్తిగా నొక్కితే తప్ప అది విడవదు, అందువల్ల ప్రతి జాక్‌కూ ఒకే ఒత్తిడి పడుతుంది. ర్యాచెట్ లేనిదానితో చెయ్యి అలసిన కొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, నడుమ పళ్లు అరకొరగా దిగుతాయి. అలాంటి జాక్ ఇవాళ పనిచేసి, వానాకాలంలో మొరాయిస్తుంది.

స్ట్రిప్పర్ పని తేలికే గానీ హాని చేసేదీ అదే. బ్లేడు తొడుగు దాటి లోపలి తీగకు గాటు పెడితే, ఆ గాటు దగ్గరే రాగి ఒకరోజు విరుగుతుంది. చాలా కేబుళ్లలో తొడుగు కింద ఒక గట్టి దారం ఉంటుంది. కొస దగ్గర కొంచెం కోసి, ఆ దారాన్ని వెనక్కి లాగితే తొడుగు దానంతట అదే చీలుతుంది. గాటు పడ్డ మొదటి భాగాన్ని కోసి పారేస్తే మిగిలిన తీగకు బ్లేడే తగలదు.

జాక్‌లన్నీ ఒకేలా కనిపిస్తాయి. కావు. గోడల్లోకి లాగే కేబుల్‌లో ఒక్కో తీగా ఒకే గట్టి రాగి పుల్ల. పరికరాలకు తగిలించే చిన్న ప్యాచ్ కార్డుల్లో సన్నపోగులు కలిపిన మెత్తటి తీగ. మెత్తటి తీగ జాక్ పన్ను పోగుల మధ్యలోకి గుచ్చుకుంటుంది. గట్టి తీగ జాక్ పన్ను పుల్లను అటూ ఇటూ కరిచి పట్టుకుంటుంది. మెత్తటి తీగ జాక్‌ను గట్టి తీగకు కొడితే పన్ను పుల్ల మీదనుంచి జారిపోవచ్చు. క్యాట్ 6 రకం కేబుల్ తీగ క్యాట్ 5ఈ రకం కన్నా లావు, కాబట్టి దాని జాక్ దానికే కొనాలి. అంగడిలో "జాక్‌లు ఇవ్వండి" అని ఊరుకోకుండా కేబుల్ ముక్క ఒకటి చూపించి అడగండి.

ఇప్పుడు తీగలు ముందు నుంచి బయటికి పొడుచుకొచ్చే పాస్‌త్రూ జాక్‌లూ దొరుకుతున్నాయి. రంగుల వరస కళ్లెదుటే కనబడుతుంది కాబట్టి కొత్తవాళ్లకు మంచివి. వాటికి తగిన టూల్ కావాలి, దాని బ్లేడు పదునుగా ఉండాలి. మొద్దుబారితే తెగిన రాగి కొసలు బయటికి మిగిలి ఒకదానికొకటి తగులుతాయి. కెమెరాకు కరెంటు పోయే కేబుల్‌లో అది ప్రమాదం.

ఇల్లు కట్టుకునేటప్పుడు గోడలోకి వేసే గట్టి కేబుల్‌కు జాక్ కొట్టి వేలాడదీయకండి. దాన్ని గోడ పెట్టెలో సాకెట్‌కు పంచింగ్ చేయించి, అంటే తీగలను సాకెట్ గాళ్లలోకి నొక్కించి, అక్కడి నుంచి కంప్యూటర్‌కు ప్యాచ్ కార్డు వేయండి. రోజూ కదిలేది మెత్తటి తీగ కావాలి.

చేతిలో పని

జాక్ వెనక కప్పే బూటు వేసేటట్లయితే మొదట అది ఎక్కించండి, మరిచిపోతే జాక్ కోయాల్సివస్తుంది. తొడుగును అంగుళమున్నర దాకా తీయండి. జతల పురి విప్పి తీగలను బొటనవేలు, చూపుడువేలి మధ్య పెట్టి అటూ ఇటూ రుద్దుతూ సాగదీసి తిన్నగా చేయండి. వరసలో పెట్టి, బిగించి పట్టుకుని, తొడుగు అంచు నుంచి అరంగుళం ఉంచి ఒకే కోతలో అడ్డంగా కోయండి.

అరంగుళం ఎందుకు? ప్రమాణం ప్రకారం పురి విప్పిన మేర 13 మిల్లీమీటర్లు దాటకూడదు. చిటికెన వేలి వెడల్పు అంత. కేబుల్ మొత్తంలో జాక్ ఉన్న చోటే అతి సున్నితమైనది. ఇక్కడి నుంచి మీ పరికరం పంపే సంకేతం అప్పుడే బయలుదేరింది, పూర్తి బలంతో ఉంది. అవతలి నుంచి వచ్చే సంకేతం దారంతా అలసి ఇక్కడికి చేరింది. 100 మీటర్ల క్యాట్ 5ఈ దారి చివర, 100 మెగాహెర్ట్జ్ దగ్గర, పంపిన శక్తిలో సుమారు 250వ వంతు మిగిలితే చాలని ప్రమాణమే ఒప్పుకుంటుంది. ఒకరు చెవి దగ్గర అరుస్తుంటే దూరాన ఇంకొకరు గుసగుసలాడే చోటు ఇది. ఇక్కడ పురి అంగుళం రెండంగుళాలు విప్పితే అరుపు గుసగుసలోకి కారుతుంది.

కోసిన తీగలను జాక్‌లోకి తోయండి. ముందువైపు నుంచి చూస్తే ఎనిమిది రాగి చుక్కలు మెరుస్తూ గోడకు తగిలి ఉండాలి. పక్కనుంచి చూస్తే తొడుగు జాక్ లోపలికి దూరి, ప్లాస్టిక్ నొక్కు కిందికి వచ్చి ఉండాలి. రెండూ సరిగ్గా ఉన్నాకే టూల్‌లో పెట్టి చివరిదాకా నొక్కండి. అప్పుడు బంగారు పూత పూసిన ఎనిమిది పళ్లు తీగ పైతోలును చీల్చుకుని రాగిని గట్టిగా కరుస్తాయి. ఆ పట్టు గాలి చొరనంత బిగువుగా ఉంటే రాగి నల్లబడదు, ఏళ్లు గడిచినా పనిచేస్తుంది. అదే సమయంలో వెనక నొక్కు తొడుగును అదిమి పట్టుకుంటుంది. తొడుగు లోపలికి రాకపోతే కేబుల్ లాగిన ప్రతిసారీ బరువు సన్నతీగల మీద పడుతుంది. బజారులో చెడిపోయిన జాక్‌లను పోగుచేసి చూస్తే ఈ తప్పు చాలావాటిలో కనిపిస్తుంది. ఒకసారి నొక్కిన జాక్ మళ్లీ పనికిరాదు. సరిగ్గా పడకపోతే కోసి కొత్తది కొట్టండి.

దీపాలు చెప్పేది, చెప్పనిది

టెస్టర్ దండగ అనడం లేదు. తెగిన తీగను, తారుమారైన వరసను, ఒకదానికొకటి తగిలిన తీగలను అది పట్టేస్తుంది. దీపాలు వెలుగుతుండగా జాక్ దగ్గర కేబుల్‌ను కాస్త కదిలించి చూడండి, వదులు పట్టు ఉంటే ఏదో దీపం మినుకుమంటుంది. విడిపోయిన జతను మాత్రం కంటితోనే పట్టాలి. జత ఎంత రొద ఓర్చుకుంటుందో కొలిచే యంత్రాలు ఉన్నాయి గానీ అవి ఖరీదైనవి.

ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఒకటుంది. కంప్యూటర్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో లింక్ స్పీడు చూడండి. అక్కడ 1000 రావాల్సిన చోట 100 అని ఉంటే ఏదో ఒక జత పనిచేయడం లేదని అనుమానించండి. 1995 నాటి 100 మెగాబిట్ల పద్ధతికి ఒకటి, రెండు, మూడు, ఆరు తీగలు చాలు. 1999లో వచ్చిన గిగాబిట్ పద్ధతికి నాలుగు జతలూ కావాలి. నీలం జతలోనో గోధుమ జతలోనో ఒక్క తీగ తెగినా పరికరం గొడవ చేయకుండా 100కు దిగిపోతుంది. 300 మెగాబిట్ల ప్లానుకు డబ్బు కడుతూ, ఎన్నిసార్లు కొలిచినా 95 దాటడం లేదని కంపెనీని తిట్టుకునేముందు జాక్‌ను వెలుతురులో చూడండి.

రాగి కాని రాగి

జాక్ ఎంత బాగా కొట్టినా తీగ మంచిది కాకపోతే ఫలితం లేదు. అల్యూమినియం పుల్ల మీద రాగి పూత పూసిన తీగతో చేసిన కేబుళ్లు తక్కువ ధరకు అమ్ముతున్నారు. పెట్టె మీద సన్న అక్షరాల్లో సీసీఏ అని ఉంటుంది, కొన్నిటి మీద అదీ ఉండదు. కేబుల్ ప్రమాణాలు దీన్ని ఒప్పుకోవు. అల్యూమినియం విద్యుత్తును రాగి మోసేదానిలో సుమారు 60 శాతమే మోస్తుంది. కెమెరాకు కరెంటు పంపితే తీగ ఎక్కువ వేడెక్కుతుంది, అవతల చేరేది తగ్గుతుంది. నాలుగుసార్లు వంచితే పుల్ల విరుగుతుంది.

కొనేముందు పెట్టె ఎత్తి చూడండి. 305 మీటర్ల క్యాట్ 6 పెట్టెలో ఒక్కో తీగ మందం 0.57 మిల్లీమీటర్లు అనుకుంటే, అందులో రాగి ఒక్కటే అయిదున్నర కిలోలు తూగాలి. తొడుగు, పెట్టె బరువు దానికి అదనం. చంటిపిల్లాడిలా తేలిగ్గా చేతికొస్తే అనుమానించండి. ఇంకా నమ్మకం కుదరకపోతే ఒక తీగ తోలు ఒలిచి బ్లేడుతో గీకండి. రాగి అయితే ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది. పూత అయితే కింద తెల్లటి లోహం బయటపడుతుంది.

మన ఎండకు మామూలు పీవీసీ తొడుగు ఆరుబయట నిలవదు, పెళుసుబారి పగులుతుంది. బయట లాగాల్సివస్తే ఎండను ఓర్చుకునే నల్లటి పాలిథీన్ తొడుగు కేబుల్ వాడండి. గోడలోకి దూరే ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు ఇవ్వండి, వాననీళ్లు అక్కడే కారిపోతాయి, లోపలికి రావు. మోటారు వైర్లతో పక్కపక్కన నడపకండి, కనీసం ఒక అడుగు దూరం ఉంచండి. దాటక తప్పనిచోట అడ్డంగా దాటించండి.

దూరానికీ హద్దుంది. రెండు పరికరాల మధ్య రాగి కేబుల్ మొత్తం 100 మీటర్లు దాటకూడదు. అందులో గోడలోని కేబుల్‌కు 90, రెండు కొసల ప్యాచ్ కార్డులకు 10. అంతకన్నా దూరమైతే ఫైబర్, అంటే గాజుపోగు కేబుల్, వేయాలి. ఏప్రిల్, మే నెలల్లో ఉరుములతో వానలు పడే ఈ ప్రాంతంలో ఒక కట్టడం నుంచి ఇంకో కట్టడానికి పోయే చోట దూరం తక్కువైనా ఫైబరే మేలు. పిడుగు దగ్గర్లో పడితే రాగి తీగ ఆ దెబ్బను రెండు కొసల్లోని పరికరాలకూ మోస్తుంది, గాజుపోగు మోయదు. 2011లో కేంద్రం ఆమోదించి, తర్వాత భారత్‌నెట్ పేరు పెట్టుకున్న పథకం పంచాయతీల దాకా తెచ్చేది ఈ గాజుపోగునే. పంచాయతీ ఆఫీసు గోడ దాటి బల్ల మీది కంప్యూటర్‌ను చేరేది మాత్రం చాలాచోట్ల ఇంకా రాగి జతలే. వందల కిలోమీటర్లు వచ్చిన వేగం ఆ చివరి పది అడుగుల్లో, ఒక్క జాక్‌లో ఆగిపోవచ్చు.

మా షెడ్డుకు కూడా ఈ వేసవికి ముందే ఫైబర్ లాగించుకున్నాను. షెడ్డు లోపల, ఫైబర్ పెట్టె నుంచి కెమెరా దాకా ఉన్న మూడు మీటర్ల రాగి కేబుల్‌కు జాక్‌లు మళ్లీ నేనే కొట్టాను. నొక్కేముందు జాక్‌ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు ఎత్తిపట్టాను. మూడో చోట తెలుపు-ఆకుపచ్చ, ఆరో చోట ఆకుపచ్చ. తొడుగు నొక్కు కిందికి దూరింది. పురి జాక్ నోటిదాకా వచ్చింది. అప్పుడు నొక్కాను.